పాప విల్లు చప్పుడు చేస్తోంది, అల్లెతాడు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

అలిపిరి_నాన్న
మా పాపకు పదమూడేళ్లు. రెండేళ్లుగా ఆర్చరీ నేర్చుకుంటోంది. రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంపు తిరిగిన రకం), 66 అంగుళాలు, లాగే బలం 24 పౌండ్లు. లింబ్‌లు (పిడికి పైనా కిందా వంగే రెండు బద్దలు) చెక్క, ఫైబర్ కలిపినవి. పది రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ. ఇదివరకు బాణం వదిలితే 'టప్' మనేది. ఇప్పుడు బీరువా తలుపు మూసినట్టు 'ఠాప్' మంటోంది. తాడు ముంజేతికి కొడుతోంది. గార్డు కట్టుకున్నా దాని పైన నీలంగా కమిలిపోయింది. బాణం తోక పైకీ కిందికీ ఊగుతూ పోతోంది. పరీక్షల టెన్షన్‌లో ధ్యాస పెట్టడం లేదని నేను కసిరాను. అది మాత్రం "నాన్నా, విల్లే బాగాలేదు" అంటోంది. కోచ్ పోటీలకని ఊరెళ్లారు, రెండు వారాల దాకా రారు. కొన్న షాపుకు ఫోన్ చేస్తే తాడుతో పాటు లింబ్‌లు కూడా మార్చమన్నారు. లింబ్‌ల ధర విన్నాక కాసేపు మాట రాలేదు. తాడు ఒక్కటీ ఇంట్లోనే మార్చుకుంటే సరిపోతుందా?

పదో_రింగు
ఏదీ కొనకండి. ముందు బ్రేస్ హైట్ కొలిచి చెప్పండి. తాడు ఎక్కించి ఉన్నప్పుడు, పిడిలో చెయ్యి ఆనే లోతైన చోటి నుంచి తాడు దాకా ఎన్ని అంగుళాలుంది? అది తెలియకుండా ఎవరేం చెప్పినా సోదె చెప్పినట్టే.

కాణిపాకం_సామి
లింబ్‌లు మార్చమన్నారంటే వాళ్లకు లింబ్‌లు అమ్ముడుపోవాలి సామీ. అంతే.

చిత్తూరు_పీఈటీ
కాణిపాకం గారూ, ఊరికే షాపును అనకండి. లింబ్ మెలి తిరిగినా ఇలాంటి గోల చేస్తుంది. అలిపిరి గారూ, తాడు ఎక్కించిన విల్లును కుర్చీ మీద ఆనించి, వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి. తాడు రెండు లింబ్‌లనూ సరిగ్గా మధ్యలో చీల్చినట్టు కనబడాలి. ఒకవైపుకు పోతుంటే అప్పుడు లింబ్ సంగతి ఆలోచిద్దాం. అసలు ఇంట్లో తాడు ఎలా ఎక్కిస్తున్నారు?

అలిపిరి_నాన్న
ఒక కాలు విల్లుకీ తాడుకీ మధ్యలో పెట్టి, కింది కొనను రెండో పాదం ముందు ఆనించి, పై లింబ్‌ను తొడ మీదుగా వంచి తగిలిస్తాను. మా మామయ్య ఊళ్లో వెదురు విల్లుకు అలాగే చేసేవారు. పాప దగ్గర ఏదో తాడు, తోలు తొడుగు ఉన్నాయి గానీ అదంతా చిన్నపిల్లల వ్యవహారమని పక్కన పెట్టాను.

పదో_రింగు
అయ్యో.

చిత్తూరు_పీఈటీ
ఆ 'చిన్నపిల్లల వ్యవహారం' పేరు స్ట్రింగర్. పెద్ద పెద్ద షూటర్లంతా అదే వాడతారు. తొడ మీద వంచినప్పుడు బలం రెండు లింబ్‌ల మీదా సమంగా పడదు, పక్కకు పడుతుంది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. నెలల తరబడి అలాగే చేస్తే లింబ్ మెలి తిరుగుతుంది. పైగా పట్టు జారిందంటే ఆ కొన నేరుగా మొహానికే వస్తుంది. మా స్కూల్లో ఒక సీనియర్ కుర్రాడికి కనుబొమ్మ చిట్లింది. ఇంకొంచెం కిందికైతే కన్నే.

స్ట్రింగర్ వాడటం తేలిక. పెద్ద తొడుగు కింది కొనకు, చిన్న పట్టీ పై లింబ్‌కు. స్ట్రింగర్ తాడు మధ్యలో పాదంతో తొక్కి, పిడి పట్టుకుని విల్లును నిటారుగా పైకి లాగాలి. రెండు లింబ్‌లూ ఒకేసారి వంగుతాయి. రెండో చేత్తో అల్లెతాడు పై ముడిని (చివరనుండే ఉచ్చును) గాడిలోకి జరపాలి. కింద కూడా గాడిలో కూర్చుందో లేదో చూసుకున్నాకే పాదం సడలించాలి. మొహం విల్లుకు ఎదురుగా పెట్టొద్దు.

బొటనవేలు
రాముడు కూడా స్ట్రింగర్ లేకుండానే ఎక్కుపెట్టబోయి విరగ్గొట్టాడు. ఆయనకు పెళ్లయింది కాబట్టి సరిపోయింది, మనకైతే షాపువాడు బిల్లు పంపిస్తాడు.

శ్రీకాళహస్తి_సూరి
మా తిన్నడికి స్ట్రింగర్ ఎక్కడుంది? కన్ను పోయిందంటే దాని వల్ల కాదు, ఆయనే ఇచ్చాడు. 😄

జోకు పక్కన పెడితే, నేను ఇరవై ఏళ్లుగా తొడ మీదే ఎక్కిస్తున్నాను. నా చెక్క విల్లుకు ఏమీ కాలేదు. తెలిసినవాడు చేస్తే ఏమీ కాదు.

చిత్తూరు_పీఈటీ
సూరి గారూ, మీది ఒంటి చెక్క విల్లు, లింబ్ వెడల్పూ మందమూ వేరు. వీళ్లది విడదీసే రికర్వ్, పల్చటి లింబ్‌లు. మీకు ఏమీ కానందుకు సంతోషమే, కానీ పదమూడేళ్ల పిల్లకు అది నేర్పొద్దు.

అలిపిరి_నాన్న
పాప టైలర్ టేపుతో కొలిచింది. 7¼ అంగుళాలు. వెనక నుంచి చూస్తే తాడు మధ్యలోనే ఉంది, లింబ్‌లు బాగానే ఉన్నట్టున్నాయి.

పదో_రింగు
దొరికింది! 66 అంగుళాల రికర్వ్‌కు మామూలుగా 8 నుంచి 8¾ దాకా ఉండాలి. కచ్చితమైన అంకె మీ విల్లు కాగితంలో ఉంటుంది. 7¼ అంటే తాడు పొడవెక్కువైంది. తాడు విల్లుకు దగ్గరగా ఉంటే వదిలాక ఎక్కువ దూరం కొట్టుకుంటూ పోతుంది. చేతికి తగలడం, ఆ ఠాప్ శబ్దం రెండూ అక్కడివే. పాపదేం తప్పు లేదు.

కానీ తాడు ఉన్నట్టుండి అంత సాగదు. ఈ పది రోజుల ముందు విల్లుకు ఏం చేశారు?

తేనెమైనం
కారులో వదిలేసి ఉంటారు. తిరుపతిలో మే నెలంటే 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు మూసిన కారులో ఇంకెంతో ఊహించుకోండి. ఆ వేడికి డాక్రాన్ (పాలిస్టర్ పోగుల) తాడు సాగుతుంది. అంతకంటే భయం లింబ్‌లది. పొరలను అతికించిన జిగురు మెత్తబడితే పొర లేస్తుంది. మా తమ్ముడు రేణిగుంట స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో ఒక మధ్యాహ్నమంతా వదిలేశాడు. సాయంత్రానికి లింబ్ అంచున గోరు దూరేంత చీలిక.

అలిపిరి_నాన్న
కారులో పెట్టలేదు. ఉగాదికి ఇల్లు దులుపుతూ విల్లు కూడా శుభ్రం చేశాను, అంతే. తాడంతా మెలికలు పడి ఉంది. పిల్ల ఎక్కడెక్కడో పడేసి చిక్కులు చేసిందనుకుని, విప్పి, అన్ని మెలికలూ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, చక్కగా సాపు చేసి మళ్లీ ఎక్కించాను.

పదో_రింగు
😂😂😂

కాణిపాకం_సామి
సామీ… ఆ మెలికలే కదా తాడు.

బొటనవేలు
జడ విప్పి "చిక్కు తీశాను" అన్నట్టుంది. అమ్మవారి జడ కాదు కాబట్టి బతికిపోయారు.

చిత్తూరు_పీఈటీ
నవ్వకండి, ఇది చాలామంది చేసే పనే. అలిపిరి గారూ, ఆ మెలికలు కావాలనే వేస్తారు. తాడు పొడవును సరిచేసుకునేది వాటితోనే. మెలి ఎక్కిస్తే తాడు పొట్టిదై విల్లు ఇంకా వంగుతుంది, బ్రేస్ హైట్ పెరుగుతుంది. తీసేస్తే దానికి రివర్స్. అంగుళానికి సగం మెలి అనేది ఒక లెక్క. మీ విల్లుకు తాడు 62 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి ముప్ఫై మెలికల చుట్టుపక్కల అన్నమాట. మెలి లేకపోతే పోగులు విడివిడిగా చెదిరి, ఒక్కో పోగు ఒక్కో బిగువులో లాగుతుంది.

మళ్లీ ఎలా వెయ్యాలంటే: తాడు దింపండి. కింది ముడిని లింబ్ నుంచి తీసి, ఐదు మెలికలు తిప్పి, ఎక్కించి కొలవండి. మళ్లీ దింపండి, ఇంకో ఐదు. ఏ వైపు తిప్పాలంటే, మధ్యలో చుట్టిన దారం (సర్వింగ్) బిగిసే వైపు. రెండో వైపు తిప్పితే ఆ చుట్టు వదులవుతుంది. ఎన్ని మెలికలు వేశారో కాగితం మీద రాసి పెట్టండి.

అలిపిరి_నాన్న
పరువు పోయింది. పాపకు ఇంకా చెప్పలేదు.

పదో_రింగు
ఆగండి, ఇంకొకటి ఉంది. తోక పైకీ కిందికీ ఊగుతోందన్నారు. మెలి తీసినంత మాత్రాన అంతగా ఊగదు. తాడు విప్పి మళ్లీ ఎక్కించారు కదా, రెండు ముడుల్లో పెద్దది ఎటుంది?

అలిపిరి_నాన్న
రెండూ ఒకేలా ఉన్నాయి కదా?

పదో_రింగు
ఉండవు. కొలిచి చూడండి.

అలిపిరి_నాన్న
…పెద్దది కింద ఉంది.

బొటనవేలు
తాడును తలకిందులుగా కట్టారు. నాన్న కాదు, సాక్షాత్తూ శల్యుడు.

పదో_రింగు
పెద్ద ముడి పైకి రావాలి. తాడు దింపినప్పుడు అది లింబ్ మీద కిందికి జారాలి కాబట్టే దాన్ని పెద్దదిగా చేస్తారు. బాణం తగిలించే చోటు గుర్తు (నాక్ పాయింట్) సరిగ్గా మధ్యలో ఉండదు, కొంచెం పైకి ఉంటుంది. తాడు తిరగబడితే ఆ గుర్తు కిందికి పోతుంది. బాణం తోక కింద ఉండి రెస్ట్‌ను (పిడి పక్కన బాణం ఆనే కొక్కేన్ని) తాకుతూ బయటికి వస్తే ఊగక ఏం చేస్తుంది?

పెద్ద ముడి పైకి మార్చి, మెలికలు వేసి, బ్రేస్ హైట్ వచ్చాక నాక్ పాయింట్ కొలవండి. బాణం రెస్ట్ మీద ఆనే చోటి నుంచి తాడుకు లంబంగా గీత గీస్తే, దానికి పావు అంగుళం నుంచి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల దాకా పైన ఉండాలి. మూలమట్టం ఉంటే చాలు, స్కూల్ జామెట్రీ బాక్సులోదైనా పనికొస్తుంది.

మదనపల్లె_టమాటా
మాది మదనపల్లె, ఉండేది అమెరికాలో జార్జియా రాష్ట్రం. ఇక్కడ సీజన్‌లో లైసెన్స్ తీసుకుని క్రాస్‌బోతో (తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి వదిలే విల్లు) జింకలను వేటాడతారు, నాకూ ఒకటుంది. అలిపిరి గారి కథ చదివి ధైర్యం వచ్చింది, నేను ఒక్కణ్ణే కాదు అని. మొదటి ఏడాది నేను రైలుకు (తాడు జారే పట్టాకు) పూసే నూనె తీసుకెళ్లి తాడంతా పూశాను. తాడుకు మైనం, రైలుకు నూనె, రెండూ వేరువేరని అప్పుడు తెలీదు. దుమ్మంతా అతుక్కుని తాడు ఉప్పు కాగితంలా తయారైంది.

క్రాస్‌బోలో ఇంకో తలనొప్పి. రికర్వ్ లింబ్‌లు ఉన్నదైతే (ఎక్స్‌కాలిబర్ లాంటివి) పొడవాటి సాయపు తాడు ఒకటి ఉంటుంది. దాన్ని తగిలించి, లింబ్‌లు వంచి, అసలు తాడు మార్చుకోవచ్చు. ఇంట్లోనే చేస్తాను. కప్పీలున్న కాంపౌండ్ రకమైతే ప్రెస్ (లింబ్‌లను నొక్కి పట్టే యంత్రం) లేకుండా తాడు ముట్టుకోకూడదు. నూట యాభై, రెండొందల పౌండ్ల బలం లింబ్‌లలో బిగిసి ఉంటుంది. యూట్యూబ్ చూసి గరాజ్‌లో చేద్దామనుకునే వాళ్లకు నా నమస్కారం.

పలమనేరు_పల్లీ
టమాటా అన్నా, ఆ క్రాస్‌బో ఒకటి ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా. పల్లీ చేలో పందులు ఎకరం మిగల్చడం లేదు. తాడు మార్చడం మేం చూసుకుంటాం.

చిత్తూరు_పీఈటీ
పల్లీ గారూ, సరదాకు అన్నారనే అనుకుంటాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. చంపక్కర్లేదు, ప్రయత్నించినా వేట కిందే లెక్క. మీది కౌండిన్య అభయారణ్యం పక్కనే. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోండి.

పలమనేరు_పల్లీ
దరఖాస్తులు పెట్టీ పెట్టీ పెన్నులో రీఫిల్ అయిపోయింది సార్. ఏనుగులను తరమడానికి కుంకీలు (శిక్షణ ఇచ్చిన ఏనుగులు) వచ్చాయి, పందులకు ఎవరొస్తారు? సరే, సరదాకే అన్నాను. వదిలెయ్యండి.

మదనపల్లె_టమాటా
నేను తేను తమ్ముడూ, విమానం ఎక్కక ముందే నన్నే లోపలేస్తారు.

దేశం ఏదైనా పనికొచ్చే మాట ఒకటుంది: ఖాళీ తాడు లాగి వదలకూడదు. బాణం మోసుకెళ్లాల్సిన బలమంతా తిరిగి లింబ్‌ల మీదే పడుతుంది. క్రాస్‌బో ఎక్కుపెట్టి కాల్చకుండా వెనక్కి తేవాలంటే మొద్దు బాణం ఒకటి టార్గెట్‌లోకి వదిలేస్తాం, తాడును చేత్తో సడలించం. ఇంకా, బొటనవేలు రైలు పైకి రాకూడదు.

బొటనవేలు
నన్ను పిలిచారా?

తేనెమైనం
ఖాళీగా వదలడం గురించి మా ఇంటి కథ. మేనకోడలి ఓణీల ఫంక్షన్. విల్లు గోడకు ఉంది, తాడు దింపలేదు, అది నా తప్పే. పెళ్లికొడుకు వరసైన ఒకాయన వచ్చి, ఫోటో కోసం మీసం మెలేసి, పూర్తిగా లాగి వదిలేశాడు. ఇల్లంతా టపాకాయ అనుకున్నారు. లింబ్ బయటికి బాగానే ఉంది. మర్నాడు దూది ఉండ తీసుకుని లింబ్ పొడుగునా మెల్లగా రాస్తే ఒక చోట పోగు పట్టుకుంది. అక్కడ సన్నటి చిట్లు. కంటికి కనపడదు, దూదికి దొరుకుతుంది. ఆ లింబ్‌ను పక్కన పడేశాను. ఆయనకు మాత్రం ఫోటో బాగా వచ్చింది.

అలిపిరి_నాన్న
దూది పరీక్ష ఇప్పుడే చేశాను. ఎక్కడా పట్టలేదు, బతికాను. తాడుకు ఏం పూయాలి? తడిగుడ్డతో తుడిచాక నూగుగా, వెంట్రుకలు లేచినట్టుగా ఉంది. ఇంట్లో కొవ్వొత్తి ఉంది, కొబ్బరినూనె ఉంది.

తేనెమైనం
నా పేరు చూడలేదా? కొవ్వొత్తి వద్దు, గట్టిపడి పొట్టులా రాలుతుంది. కొబ్బరినూనె అస్సలు వద్దు. ఆర్చరీ సామాన్ల దగ్గర లిప్‌స్టిక్‌లా గొట్టంలో మైనం దొరుకుతుంది, ఒకటి కొంటే రెండేళ్లు వస్తుంది. పైకీ కిందికీ రాసి, చిన్న తోలుముక్కతో వేడి పుట్టేదాకా రుద్దాలి. మైనం కరిగి పోగుల లోపలికి దిగాలి, పైన తెల్లగా అంటుకుని ఉండకూడదు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలుముక్క ఊరికే ఇస్తారు.

పదో_రింగు
మధ్యలో దారం చుట్టిన భాగానికి మాత్రం మైనం వద్దు. అక్కడ జిగటైతే బాణం నాక్ (తోకలోని గాడి) పట్టుకుంటుంది.

తేనెమైనం
కొంచెం రాస్తే ఏమీ కాదు, వానాకాలంలో నేను రాస్తాను.

పదో_రింగు
రాయండి, కానీ తర్వాత టార్గెట్ మీద మీ బాణాల గ్రూప్ ఎందుకు చెదిరిందని ఇక్కడ అడగొద్దు.

బొటనవేలు
మన్మథుడే నయం. చెరకు విల్లు మన చిత్తూరు తోటల్లోదే, నారి తుమ్మెదలది. మైనం కొనే పనే లేదు, బాణం పని అయ్యాక విల్లు గానుగకు వేసుకోవచ్చు.

శ్రీకాళహస్తి_సూరి
నాదొక డౌటు. తాడు పాతబడితే ఆ సాగని కొత్తరకం, ఫాస్ట్‌ఫ్లైట్ అంటారే, అది వేస్తే బాణం వేగం పెరుగుతుందట కదా. నా చెక్క విల్లుకు వేయించనా?

చిత్తూరు_పీఈటీ
వద్దు. పాత చెక్క విల్లుకు డాక్రానే. డాక్రాన్ కొంచెం సాగి ఆ దెబ్బను తను మింగుతుంది. ఫాస్ట్‌ఫ్లైట్ సాగదు, ఆ దెబ్బంతా లింబ్ కొనకు పోతుంది. కొనలను బలంగా చేసిన విల్లుకే అది. అలిపిరి గారూ, మీరు కొత్త తాడు కొనేటప్పుడు కూడా లింబ్ మీద ఏం రాసుందో చూసుకోండి.

అసలు ఇప్పుడు కొనాలా అంటే, పోగు ఒక్కటి తెగి కనపడినా, ముడి దగ్గర చుట్టు విడిపోయినా వెంటనే కొనాలి. నూగు మాత్రమే ఉంటే మైనంతో సరిపోతుంది. అయినా బ్యాగులో రెండో తాడు ఒకటి ఉండాలి, అదీ కొన్నాళ్లు వాడి సాగాల్సినంత సాగి, బ్రేస్ హైట్ సరిచూసుకున్నది. పోటీ మధ్యలో కొత్త తాడు వేస్తే ప్రతి పది బాణాలకూ ఒకసారి బ్రేస్ హైట్ కిందికి దిగుతూనే ఉంటుంది.

కాణిపాకం_సామి
ప్రతిరోజూ దింపాలా తాడు? మా అబ్బాయి రెండు నెలలుగా దింపలేదు.

పదో_రింగు
రికర్వ్ అయితే ప్రాక్టీస్ అవ్వగానే దింపాలి. కాంపౌండ్ అయితే దింపకూడదు, అలాగే ఉంచాలి. మన ఆర్చర్ జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు కొట్టిన విల్లు కాంపౌండ్. ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది రికర్వ్‌తో. ఇద్దరిదీ విజయవాడే, ఇద్దరి విల్లు మెయింటెనెన్స్ వేరు.

కాణిపాకం_సామి
వాడిది ఏదో తెలీదు. ఫోటో పెడతాను.

అలిపిరి_నాన్న
అప్‌డేట్. నిన్న సాయంత్రం పాపకు నిజం చెప్పేశాను. ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత స్ట్రింగర్ తీసుకొచ్చి నా చేతికిచ్చి "తొక్కు" అంది. పెద్ద ముడి పైకి మార్చాం. ఐదేసి చొప్పున మెలికలు వేసుకుంటూ పోతే ఇరవై ఐదుకు 8¼ వచ్చింది. ఇంటి వెనక కారు షెడ్డులో గోనెసంచుల కట్ట పెట్టి ఐదు మీటర్ల నుంచి వేసింది. శబ్దం తగ్గింది గానీ ఇంకా కొంచెం ఉంది. ఇంకో ఐదు వేశాం, 8½. ఇప్పుడు మళ్లీ 'టప్' అంటోంది. చేతికి తగలడం లేదు. నాక్ పాయింట్ జామెట్రీ బాక్సుతో చూస్తే సరిగ్గానే ఉంది, తోక ఊగడం పోయింది.

మొత్తం ముప్ఫై మెలికలు. క్యాలెండర్ వెనక రాసి పెట్టాను. పాప దాని కింద "నాన్న ముట్టుకోరాదు" అని రాసింది.

పదో_రింగు
ఎక్కువ మెలికలు పెరిగినా కష్టమే, నలభై దాటితే చెప్పండి. అప్పుడు తాడే పొడవెక్కువని అర్థం.

బొటనవేలు
పాపకు సారీ చెప్పారా లేక లడ్డూతో సరిపెట్టారా?

అలిపిరి_నాన్న
రెండూ. లడ్డూ తీసుకుంది.

కాణిపాకం_సామి
ఫోటో పెట్టాను, చూడండి. చివర్లలో చక్రాలున్నాయి.

పదో_రింగు
అది కాంపౌండ్ సామీ. దింపకండి. మీవాడు చేసింది కరెక్టే.

కాణిపాకం_సామి
దింపేశాను కదా ఇప్పుడే.

మదనపల్లె_టమాటా
ప్రెస్ లేకుండా ఎలా దింపారు???

కాణిపాకం_సామి
దింపలేదు, దింపుదామని స్పానర్ తెచ్చుకున్నాను. మీ అరుపుకు కింద పడేశాను. స్పానర్‌నే, విల్లును కాదు.